వ్యతిరేకత వేరు, అమర్యాద వేరు: సామాజిక మాధ్యమాలలో రాజకీయ వ్యాఖ్యల పరిశీలన

(ప్రత్యేక వ్యాసం)

జిల్లా పౌర సంబంధాల అధికారి కార్యాలయంలో ఉదయం వేళ మొదట జరిగే పని దినపత్రికల పరిశీలన. ప్రభుత్వ కార్యక్రమాలకు సంబంధించిన వార్తలను కత్తిరించి, అనుకూలమైనవి, వ్యతిరేకమైనవి అని వేరుచేసి, వ్యతిరేక వార్తలను సంబంధిత శాఖాధికారులకు పంపి వివరణ కోరడం దశాబ్దాలుగా అమలులో ఉన్న పద్ధతి. వార్త నిజమైతే లోపాన్ని సరిదిద్దుకోవాలి, నిజం కాకపోతే ఖండన ఇవ్వాలి. వ్యతిరేక వార్త రాసినంత మాత్రాన సదరు విలేకరి అపరాధం చేశాడని ఈ పద్ధతిలో ఎవరూ భావించరు.

గత కొన్నేళ్లుగా ఈ పనికి ఫేస్‌బుక్, యూట్యూబ్, ఎక్స్ వంటి సామాజిక మాధ్యమాల పరిశీలన తోడైంది. పత్రికలో అచ్చయ్యే మాట సంపాదక వర్గం చేతుల మీదుగా వస్తుంది. సామాజిక మాధ్యమంలో వ్యాఖ్య అలా రాదు. కోపం వచ్చిన నిమిషంలోనే, కోపం వచ్చిన భాషలోనే వస్తుంది. కనుక పాత రెండు విభాగాలకు తోడుగా ‘అభ్యంతరకరం’ అనే మూడవ విభాగం అనేక కార్యాలయాల నివేదికలలో చోటు చేసుకొంటున్నది. దీనికి నిర్వచనం లేకపోవడమే అసలు చిక్కు. నిర్వచనం లేని గడిలోకి మొదట చేరేవి బూతులు కావు, మనకు నచ్చని మాటలు.

ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలిద్దాం. కాలువ చివరి భూముల రైతు ఒకరు ఇలా రాశారనుకొందాం: “మూడేళ్లుగా మా పొలాలకు చుక్క నీరు రాలేదు. కుర్చీలో కూర్చున్నవాళ్లకు సిగ్గుండాలి.” మరొకరు, ఎన్నికలలో పోటీ చేస్తున్న ఒక మహిళ గురించి ఎంతో నెమ్మదిగా, “ఆమెగారికి ఈ రాజకీయాలెందుకు, ముందు ఇల్లు చక్కబెట్టుకోమనండి” అని రాశారనుకొందాం. తొందరలో చదివే ఉద్యోగి మొదటి వ్యాఖ్యను అభ్యంతరకరమని గుర్తించి, రెండవ దానిని వదిలివేసే అవకాశమే ఎక్కువ. మొదటి దానిలో ‘సిగ్గు’ అనే మాట ఉన్నది, రెండవ దానిలో ‘గారు’ ఉన్నది. ఫలితంగా నీటిపారుదల ఇంజనీరుకు చేరవలసిన ఫిర్యాదు పోలీసు స్టేషనుకు చేరవచ్చు. ఒక పౌరురాలి పోటీ చేసే హక్కునే తోసిపుచ్చిన మాట మర్యాదగల మాటల లెక్కలో కలిసిపోతుంది.

ఈ రెండు తప్పులూ జరగకుండా చూడాలంటే ‘మర్యాద’ అనే మాటకు రాజకీయ చర్చలో ఏ అర్థం చెప్పుకోవాలో ముందుగా తేల్చుకోవడం అవసరం.

సభ నుంచి వచ్చిన సభ్యత

తెలుగులో మర్యాద, సభ్యత, సంస్కారం అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటాం. వీటిలో మన ప్రస్తుత విషయానికి బాగా పనికివచ్చేది సభ్యత. సభలో కూర్చోదగినవాడు సభ్యుడు, అతనికి ఉండవలసిన నడవడి సభ్యత. అంటే ఈ పదంలోనే ఒక కొలత ఇమిడి ఉన్నది. నలుగురు కూడి ఒక విషయం తేల్చుకొనే చోట, ఎదుటివాడు కూడా సభ్యుడేనని ఒప్పుకొంటూ మాట్లాడడమే సభ్యత. గొంతు పెంచడం సభ్యతకు భంగం కాదు. ఎదుటివాడికి ఈ సభలో చోటు లేదనడం భంగం.

చట్టసభలు ఈ విషయంలో చాలాకాలంగా అనుభవం గడించాయి. అవమానకరమైన, అసభ్యమైన, సభా మర్యాదకు తగని, హుందాతనం లేని మాటలను రికార్డుల నుంచి తొలగించే అధికారం లోక్‌సభ నియమావళిలోని 380వ నియమం ద్వారా స్పీకరుకు సంక్రమించింది. అట్లా తొలగించిన మాటల సంకలనాలను లోక్‌సభ సచివాలయం ప్రచురిస్తుంటుంది. 2022 జూలైలో వెలువడిన సంకలనంపై విమర్శలు రాగా, ఏ పదాన్నీ నిషేధించలేదని, మాట వాడిన సందర్భాన్ని బట్టే తొలగింపు ఉంటుందని అప్పటి స్పీకర్ ఓం బిర్లా వివరణ ఇచ్చారు. నిత్యం వాదోపవాదాలు వినే సభాపతే పదాల జాబితాపై ఆధారపడలేనప్పుడు, జిల్లా కార్యాలయంలో జాబితా దగ్గర పెట్టుకొని వ్యాఖ్యలను వడగట్టడం ఎంతవరకు సబబో ఆలోచించవలసి ఉన్నది.

జాబితాకు బదులుగా వాడదగిన కొలత మన ఎన్నికల వ్యవస్థలోనే ఉన్నది. 1960లో కేరళ శాసనసభ ఎన్నికల సందర్భంగా రూపుదిద్దుకొని, క్రమంగా దేశమంతటా అమలులోకి వచ్చిన ఎన్నికల ప్రవర్తనా నియమావళి, ఇతర పార్టీలపై విమర్శ వారి విధానాలకు, కార్యక్రమాలకు, గత చరిత్రకు, చేసిన పనికి పరిమితం కావాలని చెబుతుంది. ప్రజాజీవితంతో సంబంధం లేని వ్యక్తిగత జీవితాన్ని విమర్శకు వస్తువుగా చేసుకోరాదని, కులాల, మతాల మధ్య విద్వేషాన్ని పెంచే పనులు చేయరాదని కూడా అదే నియమావళి నిర్దేశిస్తుంది. విమర్శ ఎంత ఘాటుగా ఉండవచ్చునో ఈ నియమం చెప్పదు. విమర్శ దేనిమీద ఉండాలో చెబుతుంది. ఈ తేడాయే ఈ వ్యాసానికి ఆధారం.

ఎన్నికల సంఘం 2013 అక్టోబరులో జారీ చేసిన ఆదేశాల ద్వారా ఈ నియమావళి అభ్యర్థుల, పార్టీల సామాజిక మాధ్యమ ప్రచారానికి కూడా వర్తింపజేయబడినది. సామాజిక మాధ్యమాలలో ఇచ్చే రాజకీయ ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ తప్పనిసరి. అయితే ఎవరి సొంత ఖాతాలో వారు పెట్టుకొనే వ్యాఖ్యలను, చిత్రాలను రాజకీయ ప్రకటనగా పరిగణించరాదని సంఘం స్పష్టం చేసి ఉన్నది. మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీలలో పనిచేసే అధికారులు ఈ భేదాన్ని గుర్తుంచుకొనవలెను. నియమావళి పార్టీలకు, అభ్యర్థులకు ఉద్దేశించినది. రైతుకో, విద్యార్థికో, బస్సులో ప్రయాణిస్తూ ఫోనులో టైపు చేసే ఉద్యోగికో దానిని అంటగట్టడానికి వీలులేదు. కొలతగా మాత్రం అది అందరికీ పనికివస్తుంది.

పరిశోధకులు చూసిన తేడా

ఇతర దేశాలలో ఈ విషయంపై జరిగిన అధ్యయనాలు కూడా దాదాపు ఇదే దారిలో నడిచాయి. జిజి పాపకరిసి అనే పరిశోధకురాలు 2004లో ప్రచురించిన అధ్యయనంలో నాగరికమైన మాటతీరును, ప్రజాస్వామిక మర్యాదను వేరుచేసి చూశారు. ఆమె లెక్కలో తిట్టు, వెటకారం, పెద్ద గొంతు మాటతీరుకు సంబంధించినవి. ప్రజాస్వామ్యాన్ని బెదిరించడం, ఒకరి హక్కులను కాదనడం, ఒక వర్గం మొత్తాన్నీ ఒకే గాటన కట్టడం మాత్రమే అసలైన అమర్యాద. అమెరికాలోని ఒక స్థానిక దినపత్రిక వెబ్‌సైటులో మూడు వారాలపాటు వచ్చిన 6,400కు పైగా వ్యాఖ్యలను పరిశీలించి కెవిన్ కో, కేట్ కెన్‌స్కీ, స్టీఫెన్ రెయిన్స్ 2014లో వెలువరించిన అధ్యయనం, ప్రతి అయిదింటిలో ఒకటికి మించి అమర్యాదకరంగా ఉన్నట్లు తేల్చింది. అయితే వారి లెక్కలో పేర్లు పెట్టి పిలవడం, అబద్ధమాడుతున్నారనడం, అశ్లీల పదాలు కూడా చేరి ఉన్నాయి. మొదటి అధ్యయనంలోని కొలతతో కొలిస్తే ఈ సంఖ్య మారిపోయేది. ‘ఇన్ని శాతం వ్యాఖ్యలు అసభ్యం’ అనే వార్త రాసే పాత్రికేయులు, ఆ సంఖ్య కన్న ముందు దాని వెనుక ఉన్న నిర్వచనాన్ని అడగడం మంచిది. బ్రెజిల్‌లోని చర్చలను పరిశీలించిన పట్రీసియా రోసీనీ కూడా 2020లో, పరుషత్వం, అసహనం ఒకటి కావని, ప్రజాస్వామ్యానికి చేటు చేసేది రెండవదేనని వాదించారు.

మన దేశంలో మహిళా నాయకులకు ఎదురయ్యే దూషణను గురించి ఇక్కడ ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది. 2019 లోక్‌సభ ఎన్నికల కాలంలో 95 మంది భారతీయ మహిళా రాజకీయ నాయకులను ప్రస్తావించిన 1,14,716 ట్వీట్లను అమ్నెస్టీ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తల సాయంతో పరిశీలించి 2020 జనవరిలో నివేదిక వెలువరించింది. వాటిలో 13.8 శాతం దూషణపూర్వకమైనవి లేదా సమస్యాత్మకమైనవి అని తేలింది. అంటే సుమారు ఏడింటిలో ఒకటి. వీటిలో ‘సమస్యాత్మకం’ అనే తరగతిని ప్రత్యేకంగా ఉంచడం గమనార్హం. ఒక్కొక్కటి విడిగా చూస్తే చిన్నదిగా కనిపించి, రోజూ వందలుగా వచ్చిపడినప్పుడు మనిషిని చర్చ నుంచి తరిమివేసే మాటలు అందులో ఉంటాయి. ఇందాక ఉదాహరించిన ‘ఇల్లు చక్కబెట్టుకోమనండి’ అనే వ్యాఖ్య సరిగ్గా అటువంటిది.

తెలుగు వ్యాఖ్యలను చదవడంలో చిక్కులు

ఇంతవరకు చెప్పిన కొలత ఏ భాషకైనా వర్తిస్తుంది. తెలుగుకు వచ్చేసరికి కొన్ని విశేషమైన చిక్కులు ఎదురవుతాయి. బయటి పుస్తకాలు వీటికి సమాధానం చెప్పవు.

మొదటిది సర్వనామం. వాడు, అతను, ఆయన, వారు అని మెట్లు మెట్లుగా గౌరవాన్ని కొలిచే భాష మనది. మంత్రిని ‘వాడు’ అన్న వ్యాఖ్య చూడగానే అసభ్యమని గుర్తించాలనిపిస్తుంది. కాని ‘నువ్వు’, ‘మీరు’ల వాడుక ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తెలంగాణ పల్లెలలోను, ఉత్తరాంధ్రలోను పెద్దలను, అధికారులను సైతం ‘నువ్వు’ అని సంబోధించడం సహజం. ‘సారూ, నువ్వే జెప్పు’ అనే మాటలో అగౌరవం ఆవగింజంత కూడా లేదు. కోస్తా జిల్లాల చదువరి దానిని అమర్యాదగా తీసుకొంటే అది వ్యాఖ్య రాసినవారి దోషం కాదు. అందుచేత ఏకవచన ప్రయోగం ఒక్కటే ఆధారంగా ఏ వ్యాఖ్యనూ అమర్యాదకరమని నిర్ణయించరాదు. “వాడు చెప్పేది అబద్ధం, పోయినేడాది ఇదే మాట చెప్పాడు, మా అమ్మకు పింఛను ఇంకా రాలేదు” అన్నవారి వాక్యంలో ‘వాడు’ను దాటి చూస్తే పరిశీలించి తేల్చదగిన ఫిర్యాదు ఒకటి ఉన్నది.

స్త్రీల విషయంలో ఈ చిక్కు మరికాస్త లోతైనది. ఏకవచనంలో పురుషునికి ‘వచ్చాడు’ అనే ప్రత్యేక క్రియారూపం ఉన్నది. స్త్రీకి, పశువుకు, వస్తువుకు కలిపి ‘వచ్చింది’ ఒక్కటే. ‘ఆమె చెప్పింది’ అనడం వ్యాకరణరీత్యా తప్పు కాదు. కాని ఒకే వార్తలో పురుష నాయకుడు ‘చెప్పారు’, మహిళా నాయకురాలు ‘చెప్పింది’ అని ఉంటే ఆ తేడాను పాఠకులు గ్రహిస్తారు. వ్యాఖ్యల మర్యాదను తూచే ముందు మన ప్రకటనలలో, మన వార్తలలో ఈ తేడా ఎంత తరచుగా దొర్లుతున్నదో ఒకసారి చూసుకొంటే చాలా విషయాలు తెలుస్తాయి.

రెండవది వెటకారం. తెలుగువారు అవమానించదలచినప్పుడు గౌరవ వాచకాలను తగ్గించరు, పెంచుతారు. “అబ్బో, మంత్రిగారు ఎంత శ్రమపడి వచ్చారో! రోడ్డుమీది గుంతలన్నీ స్వయంగా లెక్కపెట్టుకొని వెళ్లారు కాబోలు” అన్న వ్యాఖ్యలో ఒక్క చెడ్డ మాట లేదు. ఇది అవహేళనే. అయినా అవహేళన గుంతలమీద, అంటే పనిమీద ఉన్నది కనుక రాజకీయ చర్చలో దానికి పూర్తి చోటు ఉన్నది. ఇదే వెటకారం నాయకుని శరీర లోపం మీదనో, పుట్టిన కులం మీదనో ఉంటే, అంతే మెత్తగా చెప్పినా అమర్యాదే అగును.

మూడవది జాతీయాలు. ‘కాళ్లు విరగ్గొడతా’ అని తల్లి పిల్లవానితో అంటుంది. అదే మాట ఒక నాయకుని రాకను ఉద్దేశించి, తేదీ, ఊరు చెప్పి, ‘అందరూ రండి’ అంటూ ఎవరైనా రాస్తే అది బెదిరింపు. మాట ఒకటే, తేదీ, ఊరు, పిలుపు దానిని మార్చివేశాయి. ఇటువంటి వాటిలో ఒక్క వాక్యాన్ని కత్తిరించి నివేదికలో అతికించడం వల్ల ప్రమాదం రెండు వైపులా ఉన్నది. ముందున్న వ్యాఖ్యలను, అది ఏ పోస్టుకు జవాబుగా వచ్చిందో ఆ పోస్టును కూడా జతపరచనిదే నిర్ణయం సాధ్యం కాదు.

ఇక పదాల జాబితాలతో, యంత్రాలతో వడగట్టడం. ‘దొంగ’ అనే మాటను జాబితాలో చేర్చినట్లయితే ‘మా వార్డులో దొంగ ఓట్లు తొలగించండి’ అనే ఎన్నికల ఫిర్యాదు అభ్యంతరకరమవుతుంది. ‘చెత్త’ను చేర్చితే ‘వారం రోజులుగా చెత్త తీయలేదు’ అని పురపాలక సంఘానికి మొరపెట్టుకొన్నవారు దోషులవుతారు. ‘కుక్క’ను చేర్చితే వీధి కుక్కల బెడదపై వచ్చే మొరలన్నీ అసభ్యమే. జాబితా పొడుగైనకొద్దీ నాయకులకన్నా పారిశుద్ధ్య విభాగానికే ఎక్కువ రక్షణ లభిస్తుందని చమత్కరించవచ్చు. పైగా తెలుగు వ్యాఖ్యలలో చాలా భాగం ఇంగ్లీషు లిపిలో, ఒక్కొక్కరు ఒక్కో వరుసలో అక్షరాలు కూర్చి రాసినవే. 2024లో ద్రావిడ భాషల సాంకేతికతపై జరిగిన కార్యశాలలో ఇటువంటి తెలుగు–ఇంగ్లీషు మిశ్రమ వ్యాఖ్యలలో ద్వేషభాషను గుర్తించడంపై ప్రత్యేకంగా పోటీ నిర్వహించవలసి వచ్చిందంటే సమస్య ఎంత కఠినమైనదో ఊహించవచ్చు.

గూగుల్ అనుబంధ సంస్థ జిగ్సా 2017లో విడుదల చేసిన ‘పర్‌స్పెక్టివ్’ వంటి సాధనాలు వ్యాఖ్యకు ఒక అంకెను ఇస్తాయి. అంకె ఉన్నంత మాత్రాన అది కొలత కాదు. ఇటువంటి సాధనాల శిక్షణకు వాడే సమాచారంపై 2019లో వెలువడిన ఒక పరిశోధన, నల్లజాతి అమెరికన్ల మాండలికంలో ఉన్న ట్వీట్లను అభ్యంతరకరమని గుర్తించే అవకాశం మిగిలినవాటికన్నా ఎక్కువని తేల్చింది. ఆ మాండలికం గురించి ముందుగా చెప్పి చదివించినప్పుడు మనుషులైన పరిశీలకుల తీర్పు మారిందని కూడా అదే పరిశోధన చూపింది. శ్రీకాకుళం యాసలోనో, పాలమూరు యాసలోనో రాసిన వ్యాఖ్యను ఆ యాస తెలిసినవారి చేత చదివించడం ఎందుకు అవసరమో దీనిని బట్టి అర్థమవుతున్నది.

అమర్యాద అంతా నేరం కాదు

వ్యాఖ్య అమర్యాదకరమని తేలిన తరువాత కూడా, దానిపై చట్టప్రకారం చర్య తీసుకోవచ్చునా అనేది పూర్తిగా వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపివేసిన చరిత్ర మనకు ఉన్నది. 2008 సవరణ ద్వారా సమాచార సాంకేతిక చట్టంలో చేర్చబడి, 2009 అక్టోబరులో అమలులోకి వచ్చిన 66–ఎ సెక్షన్, తీవ్రంగా నొప్పించే లేదా చికాకు, అసౌకర్యం కలిగించే సందేశాలను నేరంగా పరిగణించింది. తెలుగువారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారీమన్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న ఈ సెక్షనును కొట్టివేసింది. ఏది నొప్పించే మాటో చట్టం చెప్పలేకపోయిందని, చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం అనే మూడింటిలో చివరిదానికి చేరినప్పుడే వాక్స్వాతంత్ర్యానికి ఆంక్షలు వర్తిస్తాయని కోర్టు వివరించింది. కొట్టివేసిన సెక్షను కింద కేసులు నమోదవుతూనే ఉండడంతో, దానికింద ఎవరినీ విచారించరాదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మరల ఆదేశించవలసి వచ్చింది. ఏడేళ్ల తరువాత కూడా రద్దయిన సెక్షనును వాడడం క్షేత్రస్థాయి అధికారులకు గౌరవం తెచ్చే విషయం కాదు.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఈ విషయానికి సంబంధించిన సెక్షన్లు కొన్ని ఉన్నాయి. వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం (196), బెదిరింపు (351), శాంతిభంగం కలిగే విధంగా కావాలని అవమానించడం (352), పరువునష్టం (356), మహిళ గౌరవానికి భంగం కలిగించే మాటలు (79) వాటిలో ముఖ్యమైనవి. పరువునష్టం పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరం కాదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారిని కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం పరిధిలోకి వస్తుంది.

ద్వేష ప్రసంగాన్ని నిర్ణయించేటప్పుడు మాటను ఒక్కటే కాక, సందర్భాన్ని, ఉద్దేశాన్ని, మాట్లాడినవారి స్థాయిని, కలిగే ప్రభావాన్ని కూడా చూడాలని 2020 డిసెంబరులో అమీష్ దేవగన్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. లక్షలమంది అనుసరించే నాయకుడు అన్న మాట, ఇద్దరు ముగ్గురు చూసే పౌరుడు అన్న మాట ఒకే తూకానికి రావు. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చి 28న ఇచ్చిన తీర్పులో, మాటల ప్రభావాన్ని దృఢచిత్తులైన, ధైర్యంగల మనుషుల ప్రమాణంతో చూడాలే గాని, ప్రతి విమర్శలోనూ ప్రమాదాన్ని చూసే బలహీన మనస్కుల ప్రమాణంతో కాదని అదే న్యాయస్థానం చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే ఇటువంటి ఆరోపణలలో, నాగరిక సురక్షా సంహిత 173(3) ప్రకారం డీఎస్పీ అనుమతితో 14 రోజులలో ప్రాథమిక విచారణ జరపడం సముచితమని కూడా సూచించింది.

ఈ మార్గంలోనే మన ఉన్నత న్యాయస్థానాలు కూడా నడిచాయి. సామాజిక మాధ్యమాల పోస్టుల కేసులలో రిమాండుకు ముందు సుప్రీంకోర్టు మార్గదర్శకాలను పాటించాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూలైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ జారీ చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, కటువైన రాజకీయ విమర్శపై యాంత్రికంగా కేసులు నమోదు చేయరాదని, హింసకు ప్రేరేపించినప్పుడు లేదా శాంతిభద్రతలకు ముప్పు ఉన్నప్పుడే ముందుకు వెళ్లాలని, సున్నితమైన వాటిలో ప్రాసిక్యూటర్ అభిప్రాయం తీసుకోవాలని పోలీసులకు మార్గదర్శకాలు నిర్దేశించింది.

ఇద్దరు చదివితే

కొలత స్పష్టమైనా, దానిని వాడే మనిషి మారితే ఫలితం మారుతుంది. దీనిని తెలుసుకొనే సులభమైన ఉపాయం, ఒకే వ్యాఖ్యలను ఇద్దరి చేత విడివిడిగా చదివించడం. ఉదాహరణకు 100 వ్యాఖ్యలలో ఒక్కొక్కరు 20 చొప్పున అమర్యాదకరమని గుర్తించారని, ఆ రెండు ఇరవైలలో 12 మాత్రమే ఇద్దరికీ ఉమ్మడి అని అనుకొందాం. ఇద్దరూ మర్యాదకరమని వదిలినవి 72. మొత్తం 84 వ్యాఖ్యలపై ఏకాభిప్రాయం కుదిరింది కనుక నివేదికలో ‘84 శాతం ఏకాభిప్రాయం’ అని రాయవచ్చు. చూడడానికి బాగానే ఉంటుంది.

అయితే ఇద్దరూ కళ్లు మూసుకొని తలా ఇరవై గుర్తించినా సగటున 68 వ్యాఖ్యలపై ఏకాభిప్రాయం యాదృచ్ఛికంగానే కుదురుతుంది. ఆ 68ని తీసివేస్తే మిగిలిన 32లో వారు నిజంగా సాధించినది 16, అంటే సగం. జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన ‘కప్పా’ అనే కొలమానం చెప్పేది ఇదే. మరొక విధంగా చూస్తే, ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పుపట్టిన 28 వ్యాఖ్యలలో 16 విషయంలో రెండవవారు ఏకీభవించలేదు. ఆ పదహారింటి వెనుక పదహారు మంది పౌరులు ఉన్నారు. వారిపై నోటీసు పంపడమా, జవాబు పంపడమా అనేది ఆ ఉదయం ఫైలు ఎవరి బల్లమీదకు వచ్చిందన్న దానిపై ఆధారపడరాదు.

కనుక పరిశీలన బాధ్యత వహించే కార్యాలయాలు కనీసం ఇద్దరిని, వీలైతే వేర్వేరు ప్రాంతాలకు చెందినవారిని, వారిలో ఒక మహిళను నియమించడం సముచితం. వ్యాఖ్య దేనిని గురిచేసుకొన్నది, ఎదుటివారికి చర్చలో చోటు మిగిల్చిందా అనే రెండు ప్రశ్నలకు విడివిడిగా జవాబు రాయించాలి. చట్టానికి సంబంధించిన మూడవ ప్రశ్నను వారి వద్ద ఉంచరాదు, దానిని న్యాయాధికారి అభిప్రాయానికి పంపాలి. భేదాభిప్రాయం వచ్చిన వ్యాఖ్యలను ‘అభ్యంతరకరం’ గడిలో వేయక విడిగా ఉంచి, నెలకొకసారి కలిసి కూర్చుని చర్చించుకొంటే కొలత క్రమంగా కుదుటపడుతుంది. ప్రభుత్వంపై వచ్చిన వ్యాఖ్యలకు, ప్రతిపక్షంపై వచ్చిన వ్యాఖ్యలకు ఒకే కొలత వాడుతున్నారో లేదో తెలుసుకోవడానికి, అప్పుడప్పుడు పార్టీల పేర్లు, నాయకుల పేర్లు కొట్టివేసి అవే వ్యాఖ్యలను మరల చదివించడం మంచి పరీక్ష.

నివేదికలో వ్యాఖ్యను రాసినది రాసినట్లే, అదే లిపిలో, తేదీతోను, ముందువెనుక వ్యాఖ్యలతోను పొందుపరచాలి. అందులో ఫిర్యాదు ఏదైనా ఉంటే, భాష ఎట్లా ఉన్నప్పటికీ, దానిని పాత క్లిప్పింగుల పద్ధతిలోనే సంబంధిత శాఖకు పంపి వివరణ తెప్పించాలి. ఇందాకటి రైతు వ్యాఖ్య విషయంలో వివరణ కోరవలసినది ఆ కాలువ బాధ్యత చూసే ఇంజనీరును. ఆ వివరణ అందిన తరువాత, వ్యాఖ్య వచ్చిన చోటనే, అదే తెలుగులో, నీరు ఏ తేదీకి వస్తుందో లేదా ఎందుకు రాలేదో తెలియజేస్తూ జవాబు ఇవ్వవలసి ఉంటుంది.